ముప్పై ఏళ్ళు పడుకున్న బుల్టాకో షెర్పా: కొన్న నాలుగు నెలలకి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ బండి ఇంకా స్టార్ట్ కాలేదు. కొన్నరోజు కాలేదు, ఇవాళ కూడా ఇంజన్ విప్పి గ్యారేజీ బెంచీ మీదే ఉంది. అయినా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, పాత బండి బాగుచేసి మెరిసిపోతున్న ఫొటోలు పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, దుమ్ములో ఉన్న బండిని కొనేముందు ఏం చూడాలి, ఇంటికి తెచ్చాక మొదటి వారం దాని జోలికి ఎంతవరకు వెళ్ళాలి అన్నది తెలుగులో చెప్పినవాళ్ళు నాకు దొరకలేదు. నేను కొన్నది బుల్టాకో షెర్పా టి అనే స్పెయిన్ ట్రయల్స్ మోటార్‌సైకిల్, 325 మోడల్, 1973 నాటిది. 1,250 పౌండ్లు ఇచ్చాను. నా అభిప్రాయం సూటిగా ఇది: ఇలాంటి బండి స్టార్ట్ కాని స్థితిలో, ఎవరూ చెయ్యిపెట్టకుండా దొరికితే అదే అదృష్టం, దాన్నే తీసుకోండి.

ట్రయల్స్ బండి అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది రేసు కాదు. రాళ్ళ వాగులోనో, బురద గట్టు మీదో, చెట్ల వేళ్ళ మధ్యో కొన్ని గజాల దారి గుర్తుపెట్టి, కాలు కింద పెట్టకుండా దాటమంటారు. ఆ ముక్కని సెక్షన్ అంటారు. కాలు ఒకసారి ఆనితే 1 మార్కు, రెండుసార్లయితే 2, అంతకు మించితే 3, బండి ఆగినా పడినా 5. తక్కువ మార్కులు వచ్చినవాళ్ళు గెలిచినట్టు. ఫుట్ రెస్టుల మీద నిలబడే నడుపుతారు కాబట్టి సీటు పేరుకే ఉంటుంది. టైర్లలో గాలి కూడా వెనక 4, 5 పౌండ్లకి మించి పెట్టరు, టైరు రాయిని గుప్పిట్లో పట్టుకున్నట్టు పట్టుకోవాలి మరి.

1960ల మొదట్లో బ్రిటన్‌లో ఈ ఆట అంతా బరువైన ఫోర్ స్ట్రోక్ బళ్ళదే. బెల్‌ఫాస్ట్‌వాడైన సామీ మిల్లర్ 500 సీసీ ఏరియల్ మీద గెలుస్తూ ఉండేవాడు. ఎంత కోసి తగ్గించినా ఆ బండి 100 కిలోల పైనే. 1964లో ఆయన బార్సిలోనా వెళ్ళాడు. అక్కడ ఫ్రాన్సిస్కో బుల్తో అనే ఆయన, అందరూ పాకో అంటారు, రేసింగ్ విషయంలో మాట తేడా వచ్చి మోంటెసా కంపెనీ వదిలి, 1958లో బుల్టాకో మొదలుపెట్టాడు. ఆ కొండల్లో ఇద్దరూ కలిసి రెండు వారాలు కూడా పట్టకుండా ఒక టూ స్ట్రోక్ బండిని తీర్చిదిద్దారు, అదే షెర్పా. 244 సీసీ, దాదాపు 90 కిలోలు. మరుసటేడే, 1965లో, స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ ఆ బండి గెలిచింది. ఆ పోటీలో టూ స్ట్రోక్ బండి గెలవడం అదే మొదలు. ఆ తర్వాత బ్రిటిష్ బరువు బళ్ళ కథ త్వరగానే ముగిసింది. 1975లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైతే మొదటి టైటిల్ మార్టిన్ లాంప్‌కిన్‌ది, బుల్టాకో మీదే. 1976, 77, 78 ఫిన్లాండ్‌కి చెందిన యూర్యో వెస్టెరినెన్, 79 అమెరికాకి చెందిన బెర్నీ ష్రైబర్, వీళ్ళంతా షెర్పా మీదే. లాంప్‌కిన్ ఊరు సిల్స్‌డెన్, నేనుండే బ్రాడ్‌ఫర్డ్ నుంచి పెద్ద దూరం కాదు. యార్క్‌షైర్‌లో ఏ ఫార్మ్ షెడ్డులో ఏ మూల వెతికినా ఒక షెర్పా దొరుకుతుందన్న మాట ఇక్కడ ఊరికే పుట్టలేదు.

ఇది కొనే ముందు వేరే రెండు బళ్ళు చూశాను. వాటి గురించి చెప్పకపోతే దీని విలువ అర్థం కాదు.

మొదటిది 2,800 పౌండ్లు. కొత్త పెయింటు, కొత్త స్టిక్కర్లు, అమ్మే ఆయన రెండు కిక్కులకే స్టార్ట్ చేసి చూపించాడు. మొదట్లో బాగానే అనిపించింది. కానీ ఐదు నిమిషాలైనా తెల్లపొగ తగ్గలేదు. చల్లగా ఉన్నప్పుడు టూ స్ట్రోక్ పొగ వదలడం మామూలే, వేడెక్కాక పలచబడాలి. పలచబడకుండా చిక్కగా తెల్లగా వస్తూనే ఉంటే క్రాంకు, అంటే పిస్టన్ కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు, దాని పక్క ఆయిల్ సీలు పోయి, క్లచ్ వైపు ఉన్న ఆయిల్‌ని ఇంజన్ తాగేస్తోందని అనుమానించాలి. పైగా ఛాసిస్ నంబరుకీ ఇంజన్ నంబరుకీ పొంతన లేదు. బుల్టాకోల్లో నంబరు మొదట్లో ఉన్న అంకెలే మోడల్ చెప్పేస్తాయి, ఆ రెండూ వేర్వేరు మోడళ్ళు. రెండో బండి అట్టపెట్టెల్లో ఉంది. ఏడు పెట్టెలు. ఎవరో పదేళ్ళ కింద సరదాగా విప్పి, సగంలో వదిలేసి, ఇంకొకరికి అమ్మితే, ఆయన మరొకరికి అమ్ముతున్నాడు. చవకే, 700. ఏ నట్టు ఎక్కడిదో, ఏ వాషరు పోయిందో తెలియని బండిని కట్టడం అంటే సగం జిగ్‌సా పజిల్ ఎవరో పారేశాక మిగతా సగంతో కూర్చోవడం. దణ్ణం పెట్టి వచ్చేశాను.

మూడోది ఇదే. స్కిప్టన్ పైన ఒక గొర్రెల ఫార్మ్. ఎనభై దాటిన పెద్దాయన, ఆయన కొడుకు. బండి 1991 అక్టోబరులో ఒక క్లబ్ ట్రయల్‌లో ఆఖరుసారి తిరిగిందట. ఆ తర్వాత ఆయనకి మోకాలు పట్టేసింది. వచ్చే సీజనుకి తగ్గుతుందిలే అనుకుని పెట్టేశాడు, ఆ సీజను రాలేదు. షెడ్డు తలుపు తీసేసరికి గొర్రెబొచ్చు వాసన, తడి గడ్డి వాసన, వాటి వెనకాల సన్నగా పాత పెట్రోలు వాసన. బండి రెండు చెక్కపెట్టెల మీద నిలబెట్టి ఉంది, చక్రాలు నేలకి ఆనలేదు. పైన గోనె కప్పారు. సైలెన్సర్ చివర ఒక గుడ్డ దోపి ఉంది. ఆయన్ని అడిగి మెల్లగా లాగాను. మూరెడు గుడ్డ, పాత చొక్కా ముక్కేమో, బయటి కొస బూజు పట్టి బూడిద రంగులో ఉంది, లోపలి కొస మాత్రం నల్లగా ఇంకా జిడ్డుగా ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే నూనె అంటింది. ఆ గుడ్డ చూశాకే కొనాలని తేల్చుకున్నాను.

ఎందుకంటే టూ స్ట్రోక్ ఇంజన్‌కి వాల్వులుండవు, సిలిండర్ గోడలోనే రంధ్రాలుంటాయి. బండి ఆపినప్పుడు పిస్టన్ కిందికి వచ్చి ఎగ్జాస్ట్ రంధ్రం తెరుచుకుని ఉంటే, సైలెన్సర్ గొట్టంలోంచి తేమ గాలి నేరుగా బోరులోకి, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలికి పోతుంది. ముప్పై చలికాలాలు ఇక్కడి తేమ పోతే బోరులో తుప్పు పట్టి, రింగులు గోడకి అతుక్కుపోతాయి, ఇంజన్ పట్టేస్తుంది. ఆ గుడ్డ ఒక్కటీ దాన్ని ఆపింది. ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ కూడా పోసి పెట్టానని పెద్దాయన చెప్పాడు. బండిని ఎలా నిద్రపుచ్చాలో తెలిసిన మనిషి.

కొడుకు మాత్రం, ఉండండి, కారులోంచి కాస్త పెట్రోలు తీసి పోస్తాను, నాలుగు కిక్కులు కొడితే స్టార్ట్ అయిపోతుంది, స్టార్ట్ అయితే ఇంకో ఐదు వందలు ఇవ్వాలి సుమా అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నేను వద్దన్నాను. తెనాలిలో మా నాన్న యెజ్డీ పాతికేళ్ళు చూసిన మెకానిక్ బాబాయ్‌కి అక్కణ్ణుంచే వీడియో కాల్ చేశాను. అక్కడ మధ్యాహ్నం, చేతికి గ్రీజుతోనే ఫోనెత్తాడు. బండి చూపిస్తూ ఉంటే ఆయన అన్న మొదటి మాట, "కిక్కు కొట్టమాక అబ్బాయ్. ముందు ప్లగ్గిప్పి లైటేసి చూడు. అడుగున బేరింగులు ఎండిపోయుంటయ్, తిప్పావంటే కొరుక్కుపోతయ్."

అదే అసలు విషయం. ఫోర్ స్ట్రోక్‌లో అడుగున ఆయిల్ నిలవ ఉంటుంది. టూ స్ట్రోక్‌లో క్రాంకు బేరింగులకీ, బోరుకీ నూనె అందేది పెట్రోలులో కలిపిన ఆయిల్ ద్వారానే. ముప్పై ఏళ్ళు ఆగిన ఇంజన్‌లో ఆ పొర ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. ఆయిల్ సీళ్ళు గట్టిపడి ఉంటాయి, వాటి పక్కనుంచి గాలి లాక్కుంటే పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఏముందో తెలియదు, ఉన్నదంతా లోపలికి పోతుంది. షెడ్డులో ముప్పై ఏళ్ళలో జరగని నష్టం ఉత్సాహంగా స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లో జరుగుతుంది. ఫిల్టర్ డబ్బా సంగతి ఊరికే అనడం లేదు. ఇంటికొచ్చి మూత తీస్తే లోపల ఎలక గూడు, గడ్డి, గొర్రెబొచ్చు, విత్తనాల పొట్టు, డబ్బా నిండా. నాలుగు కిక్కులు కొట్టి ఉంటే అందులో సగం కార్బ్యురేటర్‌లో ఉండేది.

ఇంటికి తెచ్చాక మొదటి పది రోజులు స్పానర్ పట్టలేదు. రోజూ ఫొటోలు తీశాను, ఏ వైరు ఎటు పోతోంది, ఏ కేబుల్ దేని వెనకనుంచి వస్తోంది, వాషర్లు ఏ వరసలో ఉన్నాయి అని. తర్వాత ప్లగ్గు విప్పి, టార్చి వేసి చూశాను. బోరు గోడ గోధుమ రంగులో ఉంది గానీ తుప్పు గీతలు లేవు. సిరంజితో సగం డీజిల్, సగం ఆటోమేటిక్ గేర్ ఆయిల్ కలిపి పోసి రెండు రోజులు వదిలేశాను. మూడో రోజు టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని చేత్తో అటూ ఇటూ కదిపాను. కిక్కు రాడ్ మీద కాలేస్తే ఎంత బలం పడుతోందో తెలియదు, చక్రం చేత్తో పట్టుకుంటే వేళ్ళకి తెలుస్తుంది. మొదట ఏమీ లేదు. తర్వాత చిక్కటి పాకంలో గరిట కదిలినట్టు పావు చుట్టు వచ్చింది. అప్పుడు బయటికి వెళ్ళి టీ తాగి వచ్చాను, చేతులు వణుకుతున్నాయి మరి. సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది.

క్లచ్ ప్లేట్లు అతుక్కుపోయి ఉన్నాయి. లివరు నొక్కినా విడిపోలేదు. ఇవి ఉక్కు ప్లేట్లు, ఆగిపోతే ఒకదానికొకటి అంటుకోవడం మామూలే. విప్పి, ఒక్కొక్కటీ విడదీసి, సన్న గరుకు కాయితంతో రుద్ది, అద్దం మీద పెట్టి వంకర ఉందేమో చూసి పక్కన పెట్టాను. ఖర్చు లేదు.

ట్యాంకు దగ్గరే దెబ్బ తగిలింది. అన్నీ సరిగ్గా చేసిన పెద్దాయన ట్యాంకులో పెట్రోలు మాత్రం తీయడం మర్చిపోయాడు. ఈ కాలపు షెర్పాల్లో ట్యాంకు, సీటు కలిపి ఒకే ఫైబర్‌గ్లాస్ ముక్క. చూడ్డానికి బండి మొత్తానికి అదే అందం, హ్యాండిల్ నుంచి వెనక మడ్‌గార్డ్ దాకా ఒకే గీత పోతుంది. మూత తీస్తే వార్నిష్ కంపు. అడుగున బెల్లంపాకంలా గోధుమరంగు జిగురు. వేలు పెట్టి గోడ తాకితే మెత్తగా దిగింది, ఫైబర్ పొర లేచిపోయి ఉంది. పైగా ఇప్పుడు బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలంటే ఇ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్. పాత ఫైబర్‌గ్లాస్ రెజిన్‌ని ఇథనాల్ కరిగిస్తుంది, అది పెట్రోలుతో పాటు కార్బ్యురేటర్‌లోకి, అక్కణ్ణుంచి పిస్టన్ మీదికి పోయి జిగురులా అంటుకుంటుంది. పై మరమ్మతు బాగా చేసి, లోపల కోటింగ్ వేయకుండా ఇ10 పోసి మొత్తం బండి పాడుచేసుకున్నవాళ్ళు ఉన్నారు. ఖరీదు ఎక్కువైనా ఇ5 సూపర్ పోయడం మంచిది, వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టడం ఇంకా మంచిది. మన దగ్గర ఇప్పుడు ఇ20 నడుస్తోంది కాబట్టి, పాత యెజ్డీలు, రాజ్‌దూత్‌లు షెడ్డులో పెట్టుకున్నవాళ్ళు ఈ మాట గట్టిగా పట్టించుకోండి. మీది ఇనుప ట్యాంకే అయినా, ఇథనాల్ తేమని లాక్కుంటుంది, రబ్బరు పైపుల్నీ వాషర్లనీ తినేస్తుంది. రెండు నెలలు తీయనంటే పెట్రోలు తీసేయండి, కార్బ్యురేటర్ గిన్నె కూడా ఖాళీ చేయండి.

నా ట్యాంకుని పారేయలేదు. కొత్త ఫైబర్ ముక్కలు కొత్తగా పోసి అమ్ముతున్నారు, బాగానే ఉంటాయట. కానీ ఈ పాతదాని మీద ఎడమ పక్క ఆయన మోకాలు రాసుకుని పెయింటు అరిగిన చోటు ఉంది, అరచేయంత. దాన్ని ఉంచాలని ఉంది. లోపల పొర గీకించి ఇథనాల్‌కి తట్టుకునే రెజిన్ పోయించాలి, అది ఇంకా కాలేదు, ప్రస్తుతం మూత తీసి కిటికీ దగ్గర ఆరబెట్టి ఉంచాను.

కార్బ్యురేటర్ ఆమల్ కంపెనీది. జింక్ కలిసిన లోహం, ఆగిపోతే లోపల తెల్ల సున్నంలా పూస్తుంది. స్లైడు కదల్లేదు. సుత్తితో కొడితే బాడీ పగులుతుంది, అలా పగిలినవి చాలానే చూశాను. గిన్నెలో మరిగే నీళ్ళు పోసి అందులో పది నిమిషాలు ఉంచితే జారి వచ్చింది. వీటిలో అందరూ మర్చిపోయేది గాలి స్క్రూ ఎదురుగా లోపల దాక్కున్న సన్న పైలట్ జెట్టు. బయటికి కనపడదు. స్ప్రే కొడితే శుభ్రమైందనుకుంటాం, కాదు. సన్న తీగ, అర మిల్లీమీటరు కన్నా సన్నది, వేళ్ళతో తిప్పుతూ పోనివ్వాలి. అది మూసుకుని ఉంటే బండి ఐడిల్‌లో నిలవదు. ట్రయల్స్ బండికి ఐడిల్ నిలవకపోతే మిగతావి ఎంత బాగున్నా పనికిరాదు, ఎందుకంటే సెక్షన్‌లో సగం సేపు ఐడిల్‌కి కాస్త పైనే నడిపేది.

ఇగ్నిషన్ ఫెమ్సా కంపెనీది, స్పెయిన్‌దే, మాగ్నెట్ కింద పాయింట్లు, అంటే ప్లగ్గుకి రవ్వ పంపే చిన్న స్విచ్చు. మాగ్నెట్ ఊడదీయడానికి సరైన పుల్లర్ కొనండి, 20 పౌండ్లు కూడా ఉండదు. స్క్రూడ్రైవర్ దోపి లేపితే క్రాంకు కొస పాడవుతుంది. పాయింట్ల మీద తెల్లపొర ఉంది, కాయితంతో తుడిచి, కండెన్సర్ మార్చాను. యాభై ఏళ్ళ కండెన్సర్‌ని నమ్మాల్సిన పని లేదు. చేత్తో తిప్పి చూస్తే నీలం రవ్వ వచ్చింది. ఆ చీకటి గ్యారేజీలో ఆ రవ్వ చూసినప్పుడు మా అమ్మాయిని కూడా పిలిచి చూపించాను.

ముందు ఫోర్కులు బేటర్ కంపెనీవి. సీళ్ళు ఎండిపోయాయి, గొట్టాల మీద సీళ్ళకి పైన తుప్పు చుక్కలున్నాయి, హార్డ్ క్రోమ్ పూత వేయించాలి. వెనక షాకబ్జర్లలో ఆయిల్ లేదు, కొత్తవే. రిమ్ములు అక్రాంట్ కంపెనీ అల్యూమినియంవి, బంగారంలాంటివి. చెక్కపెట్టెల మీద పెట్టడంవల్ల టైరు ఒకేచోట నొక్కుకోలేదు గానీ, రబ్బరు మాత్రం కట్టెలా అయిపోయింది, మారుస్తాను. గేరు మన పాత బుల్లెట్‌లా కుడికాలికే. దీనికి అలవాటు పడటం మా తరానికి కష్టమేమీ కాదు, నాన్న బుల్లెట్ మీద నేర్చుకున్నవాళ్ళకి అసలే కాదు.

ఇప్పుడు అడుగు భాగం. బోరు బాగుంది, క్లచ్ బాగుంది, రవ్వ బాగుంది, ఇక కలిపేసి స్టార్ట్ చేద్దామా అని చాలా రోజులు మనసు లాగింది. బాబాయ్‌ని మళ్ళీ అడిగాను. సీళ్ళు గోరుతో నొక్కి చూడమన్నాడు. నొక్కితే గోరు దిగలేదు, ప్లాస్టిక్ బొత్తాంలా ఉన్నాయి. అంతే, క్రాంక్ కేసు విప్పేశాను. బేరింగు గుండ్ల మీద ఆవగింజంత గోధుమ చుక్కలు, ఒకే వరసలో, బండి ఆగినప్పుడు గుండు ఎక్కడ ఆనుకుందో సరిగ్గా అక్కడ. చేత్తో తిప్పితే నున్నగానే తిరుగుతున్నట్టుంటుంది, చెవి దగ్గర పెట్టి తిప్పితే ఇసుక చప్పుడు. ఈ ఒక్క కారణానికే చెప్తున్నా, "చేత్తో తిరుగుతోంది కదా, ఇంజన్ బాగుంది" అని ఎవరన్నా నమ్మొద్దు. విప్పకుండా స్టార్ట్ చేసి ఉంటే ఒక నెల తిరిగేదేమో, తర్వాత ఆ బేరింగు ముక్కలు క్రాంకునీ కేసునీ రెండిటినీ తినేసేవి. కేసు పోతే ఇక ఆ నంబరు పోయినట్టే, బండి విలువలో సగం పోయినట్టే.

విడిభాగాల సంగతి బాగుంది, కంపెనీ 1983లో మూతపడిందంటే నమ్మబుద్ధి కాదు. సీళ్ళు, బేరింగులు, ప్యాకింగులు, పిస్టన్లు, కేబుళ్ళు, సైలెన్సర్లు అన్నీ ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో ఎవరో ఒకరు చేసి అమ్ముతున్నారు. యమహా, హోండా పాత ట్రయల్స్ బళ్ళకన్నా వీటికే సులువుగా దొరుకుతాయని నాతో పాటు నడిపేవాళ్ళు అంటారు. ఒక్కటే చేదు అనుభవం. రింగుల గ్యాప్ ఎక్కువ ఉందని బోరు కొట్టించడానికి ఓవర్‌సైజు పిస్టన్ ఆన్‌లైన్‌లో ఒకచోట ఆర్డర్ పెట్టాను. డబ్బా మీద షెర్పా అనే ఉంది. కొలిస్తే 72 మిల్లీమీటర్ల పైచిలుకు, అంటే 250 బండిది. నాది 83.2 బోరు, 60 స్ట్రోకు, 326 సీసీ. తప్పు వాళ్ళదైనా తిప్పి పంపే ఖర్చు ఇవ్వమన్నారు. 14 పౌండ్లు, రెండు వారాలు పోయాయి. మీరు కొనేటప్పుడు మోడల్ పేరుతో కొనకండి, ఛాసిస్ నంబరు, బోరు కొలత రెండూ రాసి పంపి, వాళ్ళు ఔనన్నాకే డబ్బు కట్టండి. తర్వాత ఫోన్ చేసిన ఇంకో పాత దుకాణం ఆయన, నేను హలో అనగానే, ముందు నీ నంబరు చదువు, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. నంబరు విని ఇంజన్ ఏ పక్కకి ఏ సీలు పడుతుందో కొలతలతో సహా చెప్పాడు. ఒక సీలు నేను అడగనే లేదు, అది కూడా మార్చుకో, మళ్ళీ విప్పుతావా ఏంటి అన్నాడు. ఇలాంటి మనిషి దొరికితే రెండు పౌండ్లు ఎక్కువైనా అక్కడే కొనండి.

కాగితాలు తేలిక. పెద్దాయన పేరు మీదే పత్రం ఉంది, బదిలీకి పంపాను. 40 ఏళ్ళు దాటిన బండికి ఇక్కడ రోడ్ ట్యాక్స్ లేదు, పెద్ద మార్పులు చేయకపోతే ఏటేటా చేయించే ఎంఓటీ ఫిట్‌నెస్ పరీక్ష కూడా అక్కర్లేదు. అయినా నేను ఒకసారి చేయిస్తాను, బ్రేకులు ఇంకో కన్ను చూడటం మంచిదే. ఇండియాలో ఉన్నవాళ్ళకి, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన, పెద్దగా మార్చని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, విఎ సిరీస్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. తాతగారి జావా ఇంకా ఇంట్లో ఉంటే లెక్క చూసుకోండి.

డబ్బు లెక్క. బండి 1,250. ఇప్పటిదాకా బేరింగులు, సీళ్ళు, పిస్టన్, కండెన్సర్, పుల్లర్, చిల్లర అన్నీ కలిపి 430. ముందుంది షాకబ్జర్లు, టైర్లు, ఫోర్కు క్రోమ్, ట్యాంకు లోపలి పని, ఇంకో 900 అనుకుంటున్నా. మొత్తం 2,600 దగ్గర తేలుతుంది. ప్రకటనల్లో బాగుచేసిన షెర్పాలకి 3,500 దాకా అడుగుతున్నారు. నా శ్రమ లెక్కేస్తే లాభం లేదు, లాభం కోసం అయితే ఈ పని పెట్టుకోవద్దు. మీకు గ్యారేజీ లేకపోయినా, నాలుగైదు నెలలు ఓపిక లేకపోయినా, ఆదివారం తిరగడానికి బండి కావాలనుకున్నా ఇది మీది కాదు. చేతితో పని చేయడం ఇష్టం, ఒక ఇంజన్ ఎందుకు ఆగిందో తెలుసుకోవాలన్న తపన ఉంటే మాత్రం దీన్ని మించిన బండి నాకు తెలియదు. తేలిగ్గా ఉంటుంది. వైరింగ్ దాదాపు లేదు. ప్రతి భాగం ఎందుకుందో చూడగానే అర్థమవుతుంది. నా లెక్కన ఐదుకి నాలుగున్నర. ఆ సగం ట్యాంకు కోసం తగ్గించాను.

బోరు కొట్టించిన సిలిండర్ మంగళవారం వస్తుంది. ఇంజన్ కలిపాక రంధ్రాలన్నీ మూసి, సైకిల్ పంపుతో 5, 6 పౌండ్ల గాలి పట్టించి, పది నిమిషాలు నిలుస్తుందో లేదో చూడాలి, నిలవకపోతే సబ్బునీళ్ళు రాసి ఎక్కడ బుడగలొస్తున్నాయో వెతకాలి. అది తేలాకే పెట్రోలు. పెద్దాయన పోయిన వారం ఫోన్ చేశాడు. ఎప్పుడు తిరుగుతుంది అని అడగలేదు, గుడ్డ పారేశావా అని అడిగాడు. లేదండీ, సైలెన్సర్ విప్పి అటక మీద పెట్టాను, ఎలకలు దూరకుండా మళ్ళీ అదే గుడ్డ దోపాను అని చెప్పాను.